రెండో డిస్కు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున మంజులక్క ఫోన్ చేసింది. మంజులక్క మా పెద్దమ్మ కూతురు, నాకంటే నాలుగేళ్ళు పెద్దది. జహీరాబాద్‌లో బస్టాండు వెనక వీధిలో ఆమెకు చిన్న టైలరింగ్ దుకాణం ఉంది. జాకెట్లు కుట్టడంలో ఆమె చేతికి ఆ చుట్టుపక్కల మంచి పేరు. పెళ్ళి పిలుపులకు తప్ప మేం ఫోన్లలో మాట్లాడుకోవడం తక్కువ, అందుకని పేరు చూడగానే ఎవరికి ఏమైందోనని గబగబా ఎత్తాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె గొంతు హుషారుగా ఉంది. "శీనూ, మా కావ్య ఫోన్ల నీ వీడియో చూపించింది. మంచిగ మాట్లాడినవ్‌రా. ముచ్చట మొత్తం నాకు సమజ్ కాలే గని ఆఖరిదాంక చూసిన," అంది. కావ్య ఆమె కూతురు, డిగ్రీ చదువుతోంది. నేను పొంగిపోయి ఏదో అనబోతుంటే ఆమె ఆపింది. "ఒక్కటి అడుగుత చెప్పు. మన దీపం ఆట గురించి చెప్పినవ్ గద, మొదటి సగం బాగుంటది, రెండో సగం తుస్సుమన్నది అని. దానికి రెండో సగం ఉన్నదా?" సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

ఆ వీడియో సంగతి ముందు చెప్పాలి. నలభై దాటిన మనిషికి వీడియో గేములేమిటని నవ్వేవాళ్ళు మా ఆఫీసులో ఉన్నారు. నవ్వనీ. నాకు కార్ల పందేలూ కాల్పులూ పట్టవు. జపాన్ వాళ్ళు తయారుచేసే రోల్ ప్లేయింగ్ గేములని ఒక రకం ఉంది, అవే నా ప్రాణం. నలుగురైదుగురు మనుషులు ఏదో పని మీద ఊరు విడిచి బయల్దేరతారు. వాళ్ళని నడిపించేది మనం. దారిలో ఊళ్ళు తగులుతాయి, ఊరివాళ్ళతో మాట్లాడాలి, అడవుల్లో మృగాలతో కొట్లాడాలి, కొట్లాడిన కొద్దీ మనవాళ్ళు గట్టిపడతారు. కథ నలభై యాభై గంటలు సాగుతుంది. మాటలన్నీ తెర అడుగున అక్షరాల్లో వస్తాయి, చదువుకోవాలి. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళం హైదరాబాద్‌లో కొంతమందిమి ఉన్నాం. వాళ్ళు నన్ను కెమెరా ముందు కూర్చోబెట్టి, మీకు బాగా నచ్చినవీ బాగా నిరాశపరిచినవీ చెప్పండన్నారు. నిరాశపరిచిన వాటిలో మొట్టమొదట నేను చెప్పిన పేరు ఆ దీపం ఆటది. దీపం, ఏడు నదులు అని కథ కూడా కొంచెం చెప్పాను. ఇరవై ఏళ్ళుగా ఎవరడిగినా అదే చెబుతున్నాను. ఇన్నాళ్ళూ ఆ మాట విన్న వాళ్ళలో నన్ను ఎదురు ప్రశ్న అడగగలిగిన మనిషి ఒక్కతే, ఆమె జాకెట్లు కుట్టుకుంటూ జహీరాబాద్‌లో ఉంది. ఆమె ఆ వీడియో చూస్తుందని నాకు తోచలేదు. ఆమె ప్రశ్నకు నిజం చెప్పాలంటే పద్నాలుగేళ్ళప్పుడు నేను చేసిన పని ఆమె మొహం మీద ఒప్పుకోవాలి. మూడు వారాలు ఆమె ఫోన్ ఎత్తలేదు.

అప్పట్లో మేం జహీరాబాద్‌లో అద్దెకున్న ఇల్లు బొంబాయి రోడ్డుకు ఒక వీధి లోపలికి ఉండేది. లారీలు పోతుంటే వంటగదిలో గిన్నెలు సన్నగా వణికేవి. బాపు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మొదటి షిఫ్టు దిగి మూడున్నరకు ఇంటికొచ్చి, పెరట్లో బండ మీద కూర్చుని, గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజు పోయేదాకా బట్టల సబ్బుతో చేతులు రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా అన్నంలో చెయ్యి పెడితే ఆయిల్ వాసన వస్తుందని అమ్మ అనేది. ఆయన వాసన చూసుకుని, "ఇది వాసన గాదే, జీతం," అనేవాడు. చలికాలం వస్తే ఊరంతా రెండు వాసనలు కలిసి ఉండేవి. మార్కెట్ వైపు నుంచి బస్తాల్లోని పచ్చి అల్లం ఘాటు, చెరుకు బండ్లు నిలబడే వైపు నుంచి తియ్యగా పులిసిన వాసన. ఇప్పుడు ఆ ఊరికి వెళ్తే నా ముక్కుకు డీజిల్ తప్ప ఏమీ తగలదు. ఊరు మారిందో నా ముక్కు మొద్దుబారిందో తెలియదు.

మంజులక్క ఆ ఇంటికి చదువుకోవడానికి వచ్చింది. అందరితో అలాగే చెప్పేవాళ్ళం. వాళ్ళది న్యాల్‌కల్ దగ్గర పల్లె, పదో తరగతి తర్వాత అక్కడ చదువు లేదు. జహీరాబాద్‌లో చిన్నమ్మ ఇల్లుంది కదా, ఇంటర్ అక్కడుండి చదువుకుంటుందని పెద్దమ్మ పంపింది. వచ్చిన వారానికి వాకిట్లో పేడనీళ్ళ సాన్పి చల్లే పని ఆమెదైంది. నెలకు జొన్నరొట్టెలు ఆమెవయ్యాయి. తర్వాత నీళ్ళు పట్టడం, బాపు యూనిఫాం ఉతకడం, గిర్నికి జొన్నలు మోసుకుపోయి పిండి పట్టించుకు రావడం. ఎవరూ చెయ్యమని కసిరింది లేదు, పాపం అమ్మ మంచిదే. "మా మంజుల ఉన్నది కాబట్టి నాకు నడుం నొప్పి తగ్గింది," అని అందరి ముందూ మెచ్చుకునేది. నేను తిన్న కంచం ఎక్కడ వదిలితే అక్కడి నుంచి మాయమయ్యేది. కంచాలు వాటంతటవే పోవని నాకు పెళ్ళయ్యాక తెలిసింది. అప్పుడు నేను ఇంగ్లీష్ మీడియం కాన్వెంటులో తొమ్మిది చదువుతున్నాను. అక్కది తెలుగు మీడియం. మొదటి ఏడాది అన్ని సబ్జెక్టులూ పాసై ఇంగ్లీష్ ఒక్కటే తప్పింది. వాళ్ళ నాన్న, మా పెదనాన్న వచ్చి, "వచ్చే పరీక్షల గూడ పోయిందంటే తోల్కపోత. సంబంధాలొస్తున్నయి," అని చెప్పి పోయాడు. ఆ మాట అన్నప్పుడు అక్క రొట్టె చేస్తోంది. తల ఎత్తలేదు గానీ ఆ రొట్టె మాడింది. ఆమె చేతిలో రొట్టె మాడటం నేను చూసింది అదొక్కసారే.

ఆ చలికాలంలోనే గేము పెట్టె వచ్చింది. మా మేనమామ బొంబాయి రూట్లో లారీ నడిపేవాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక వింత తెచ్చేవాడు. ఆసారి పాత బనియన్‌లో చుట్టి బూడిదరంగు పెట్టె ఒకటి, కాగితపు కవర్లలో కొన్ని డిస్కులు తెచ్చాడు. ఎవరి దగ్గర ఎలా సంపాదించాడో అడిగితే నవ్వాడు. డిస్కుల మీద పేర్లు పెన్నుతో రాసి ఉన్నాయి, చాలామటుకు చెరిగిపోయాయి. కొట్లాట గేములు వారంలో మొహం మొత్తాయి. ఒక కవర్లో మాత్రం రెండు డిస్కులు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. డిస్కులు పెట్టేదీ తీసేదీ నేనే, ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. మొదటిది పెడితే మంచు కొండ, కొండ మీద గుడి లాంటి ఇల్లు, అందులో దీపం. ముగ్గురు మనుషులు ఆ దీపం ఆరకుండా సముద్రం దాకా మోసుకుపోవాలి. దారిలో ఏడు నదులు. అసలు పేరు మాకు అప్పుడు తెలియదు, ఇంట్లో అందరికీ అది దీపం ఆట.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, కరెంటు వచ్చే గంటల్లో, ఆదివారాలూ సెలవు రోజులూ మేమిద్దరం టీవీ ముందు కూర్చునేవాళ్ళం. పక్కన అమ్మ వెల్లుల్లి ఒలుచుకుంటూ కాసేపు చూసి, గోడకు ఒరిగి నిద్రపోయేది. తెర మీద ఇంగ్లీష్ వస్తే నేను చదివి తెలుగులో చెప్పాలి. కంట్రోలర్ మొదట్లో నా చేతిలోనే ఉండేది. రెండో నది దగ్గర నేను తొమ్మిదిసార్లు చచ్చాక అక్క చెయ్యి చాచి, "జర ఇటియ్యి," అంది. అంతే, పేర్లు కొట్టడానికీ ఆట సేవ్ చెయ్యడానికీ తప్ప మళ్ళీ నా చేతికి రాలేదు. ఆ గేములో కొట్లాట వంతులవారీగా ఉంటుంది. మనం ఏం చెయ్యాలో తేల్చుకునేదాకా ఎదుటివాడు కత్తి పట్టుకుని నిలబడే ఉంటాడు. అక్కకు అది ఎంతో నచ్చింది. "గీ రాక్షసుడు మర్యాదస్తుడురా శీనూ, మనం చెప్పేదాంక ఆగుతుండు. మనింట్ల ఎవలాగుతరు?" అని నవ్వింది. నాకు ముందుకు పరిగెత్తాలని తొందర. ఆమె ఒకే అడవిలో ఒకే నక్కల గుంపుతో పొద్దుగూకేదాకా కొట్లాడేది. "ఊకె ఉరుకుడు గాదు. చేతులు గట్టిపడాలె, గప్పుడే పోదాం," అనేది. చేలో కలుపు తీసినంత ఓపికగా ఆడేది. ఎవరికి ఏ మందు ఇవ్వాలో, ఎవరిని వెనక నిలబెట్టాలో రాసుకోకుండానే ఆమెకు గుర్తుండేది. నాలుగో నది దగ్గర ఒక మూగపిల్ల మా గుంపులో చేరింది. గాయాలు మాన్పే పిల్ల. పేరు మనమే పెట్టాలి. అక్క లచ్చి అని పెట్టమంది. అది వాళ్ళ ఊళ్ళో ఆమె వదిలిపెట్టి వచ్చిన మేకపిల్ల పేరు. నాకు నామోషీ అనిపించింది గానీ పెట్టాను.

అక్క ఒక నోటుబుక్కు కుట్టుకుంది. నా పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలతో. తెర మీద ఏ మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తే ఆ మాట అందులో బొమ్మ గీసినట్టు దించుకునేది. దాని పక్కన అర్థం తెలుగులో. మొదట మందు, కత్తి, సత్రం లాంటి మాటలు. తర్వాత చిన్న చిన్న వాక్యాలు. నది ఒడ్డున ఎవరున్నారు, వంతెన ఎక్కడుంది, నేను మీతో రాలేను. రొట్టెలు చేస్తూ ఆ వాక్యాలు పైకి అనుకునేది. "పరీక్షల గిసుంటియి ఇస్తే పాసైతనురా," అంది ఒకరోజు, నిజంగానే ఆశగా. ఆ మాటకు నేను సంతోషించాల్సింది. నాకు తెలియకుండా ఇంట్లోంచి ఏదో వస్తువు పోతున్నట్టు అనిపించింది.

ఆరో నది దగ్గర ఒక ముసలి పడవవాడు ఉంటాడు. వాడి మాటలు పొడుగ్గా ఉన్నాయి, నాకు బద్ధకమేసి సగం చదివి, "రేపు తీసుకుపోతానంటున్నాడు," అని చెప్పేశాను. ఆ రోజు మేనమామ వచ్చి ఉన్నాడు, గోడకు ఆనుకుని చాయ్ తాగుతున్నాడు. అక్క తెర దగ్గరకు జరిగి, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని, "గట్ల లేదు శీనూ. తీస్కపోను అంటుండు. గీడ నాట్ అని ఉన్నది సూడు," అంది. నిజమే. మేనమామ పెద్దగా నవ్వాడు. "ఏంరా, ఆట పిల్లనే ఆడవట్టె, సదువుడు గూడ పిల్లనే సదవవట్టె, మరి కాన్వెంటుకు నువ్వెందుకు పోతున్నవ్?" అమ్మ కూడా నవ్వింది. అక్క నవ్వలేదు, నా మొహం చూసి, "పొడుగున్నది గద మామా, గందుకే తప్పిండు," అని నన్ను వెనకేసుకొచ్చింది. అదే నాకు ఎక్కువ మండింది. ఆ ఇంట్లో నా దగ్గర ఉండి ఆమె దగ్గర లేనిది ఒక్క ఇంగ్లీషే. అది కూడా పోతోంది.

నాలుగు రోజులకు వంతెన వచ్చింది. ఆరో నది దాటే తాళ్ళ వంతెన. సగంలో ఉండగా తాళ్ళు తెగాయి, ముగ్గురూ ఇవతల పడ్డారు, లచ్చి నదిలో పడిపోయింది. ఒడ్డున నిలబడి దీపం పట్టుకుని పిలుస్తున్నారు. తెర నల్లబడింది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. సేవ్ చేసుకోమని గేము అడిగింది, చేశాను. తర్వాత తెల్లటి అక్షరాలు, రెండో డిస్కు పెట్టమని. అక్క కళ్ళు తుడుచుకుని, "ఏమంటుంది?" అని అడిగింది. నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే కొంచెమైనా సాకు దొరికేదేమో. "అయిపోయింది," అన్నాను. "సమాప్తం అని రాసి ఉంది." ఆమె నమ్మలేనట్టు చూసింది. "గిట్లనా? దీపం సముద్రం ముట్టనే లే. గా రెండు ఏంది మరి, గీడ రెండని ఉన్నది?" అని అంకె మీద వేలు పెట్టింది. "రెండోసారి మొదటినుంచి ఆడుకోవచ్చంట," అన్నాను. మీటరు రీడింగు చెప్పినట్టు చెప్పాను. ఆమె కాసేపు ఆ నల్లటి తెర వైపే చూసి లేచిపోయింది. రెండో డిస్కు తీసి నా స్కూలు సంచిలో, అట్లాసు మధ్యలో పెట్టుకున్నాను.

ఆ తర్వాత నోటుబుక్కు పెరగలేదు. రాసుకోవడానికి కొత్త మాటలు ఎక్కడివి? నాకు ఇష్టమొచ్చినప్పుడు ఆమెను గిర్నికి పంపేవాణ్ణి. నేను వెళ్ళాల్సిన వంతు కూడా ఆమెకే అంటగట్టి, ఆమె డబ్బా నెత్తిన పెట్టుకుని మలుపు తిరగ్గానే రెండో డిస్కు పెట్టేవాణ్ణి. మొట్టమొదటి దృశ్యంలోనే చేపలు పట్టేవాడొకడు లచ్చిని ఒడ్డుకు లాగుతాడు. బతికే ఉంది. ఆ సాయంత్రం అక్క పొయ్యి దగ్గర కూర్చుని, "పాపం లచ్చి," అని తనలో తను అనుకుంటుంటే నేను పక్కనే రొట్టె తింటున్నాను. చెప్పలేదు. ఆ ముద్ద ఎలా మింగానో ఇప్పటికీ అర్థం కాదు. సులువుగానే మింగి ఉంటాను. ఏడో నది దగ్గర ఒక జంట పాములు కాపలా ఉంటాయి. వాటిని నేను గెలవలేకపోయాను. నెలరోజులు ప్రయత్నించాను. మందులు ఎప్పుడెవరికివ్వాలో నాకు తెలియదు, ఓపిక అసలే లేదు. ఆ విద్య ఉన్న మనిషి గోడ అవతలే ఉంది. పిలిస్తే దొంగతనం బయటపడుతుంది. ఒకసారి తొందరగా తిరిగొచ్చి ఆ సంగీతం విని, "మల్ల మొదటినుంచి ఆడుతున్నవా?" అని అడిగింది. టీవీ కట్టేసి, ఆ అన్నాను. తర్వాత విసుగు పుట్టి పెట్టెను అటక మీద పడేశాను. కొన్నేళ్ళకు ఇల్లు మారినప్పుడు అది ఎటో పోయింది.

ఇంగ్లీష్ పరీక్షలో అక్క మళ్ళీ తప్పింది. పెదనాన్న అన్నంత పనీ చేశాడు. ఆమె ట్రంకు పెట్టె బస్సు మీదికి ఎక్కిస్తుంటే నేను స్కూల్లో ఉన్నాను, ఉండేలా చూసుకున్నాను. ఒక గేము ఆడి ఉంటే ఆమె పాసయ్యేదని నేను చెప్పలేను. పాతికేళ్ళ పైనుంచి నన్ను నేను ఓదార్చుకునేది ఆ మాటతోనే. కానీ ఎవరూ చెప్పకుండా, ఎవరూ తిట్టకుండా, తనంతట తను ఇంగ్లీష్ చదవడం ఆమె మొదలుపెట్టింది ఆ తెర ముందే, దాన్ని ఆపింది నేనే. ఇది మాత్రం చెప్పగలను.

హైదరాబాద్ హాస్టల్లో చేరాక కంప్యూటర్ మీద మళ్ళీ ఈ పిచ్చి పట్టింది. ఎన్ని ఆడానో లెక్క లేదు. నాకు ప్రాణంగా నచ్చిన వాటిలో ఒకదాంట్లో ప్రయాణికులు ప్రతి మజిలీలో నెగడు చుట్టూ కూర్చుని వండుకుంటారు, వండినదానికి ఎవడో ఒకడు వంక పెడతాడు, పెట్టినవాడే రెండోసారి వడ్డించుకుంటాడు. యుద్ధాలు మర్చిపోయాను గానీ ఆ భోజనాలు గుర్తున్నాయి. ఇంకొకదాంట్లో నాయకుడు అరవై దాటిన పోస్టుమాస్టరు, మెట్లెక్కితే ఆగి ఆయాసం తీర్చుకుంటాడు, మనం ఆగాల్సిందే. నిరాశపరిచినవీ తక్కువేం లేవు. మూడేళ్ళు ఎదురుచూసిన ఒక గేములో ఒక్కో వెంట్రుకా విడివిడిగా గాలికి ఊగుతుంది, మనిషి నోరు తెరిస్తే మాత్రం గ్రీటింగ్ కార్డు చదివినట్టుంటుంది. ఈమధ్య ఫోన్లలో వచ్చేవి సరేసరి, మనతో నడిచే స్నేహితుణ్ణి లాటరీ తీసి గెలుచుకోవాలట. ఇక ఎదుటివాడు ఆగకుండా మీద పడే కొత్త పద్ధతి నాకు సుతరామూ గిట్టదు. అలాంటివాటి మీద గంటలకొద్దీ విసుక్కోగలను. ఈ విసుక్కోవడమే నాకు నలుగురిలో పేరు తెచ్చింది. ఏ గేమైనా ఆఖరి దృశ్యం దాకా చూడందే మాట్లాడడని నా గురించి అనుకుంటారు. దీపం ఆట ప్రస్తావన మొదటిసారి వచ్చినప్పుడు హాస్టల్లో ఎవడో, ఆఖరు ఎలా ఉంటుందని అడిగాడు. చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. "రెండో సగం తుస్సు," అన్నాను. అందరూ తలూపారు. అప్పటి నుంచి అదే పాట. ఇప్పుడు ఇంటర్నెట్‌లో వెతికితే ఆ ముగింపు ఎవరో పెట్టే ఉంటారు. అక్క చూడనిది నేను చూడకూడదని వెతకలేదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నిజానికి అది బాగుంటుందేమోనని భయం.

నాలుగో వారం జహీరాబాద్ వెళ్ళాను. దారిలో ఒక అబద్ధం తయారుచేసుకున్నాను, ఆ కంపెనీవాళ్ళు తర్వాత ఎప్పుడో రెండో భాగం తీశారని. అక్క దుకాణంలో మధ్యాహ్నం ఎవరూ లేరు. మిషన్ పక్కన స్టూలు జరిపి, ఒళ్ళో జాకెట్టు పెట్టుకుని హుక్కులు కుడుతోంది. కళ్ళజోడు వచ్చింది. నీళ్ళిచ్చి, మరదలు మంచిగున్నదా అని అడిగి, మళ్ళీ సూది అందుకుంది. నేను తయారుచేసుకున్నది చెప్పాను. ఆమె కుట్టడం ఆపి, అప్పట్లో నేను తెర చదువుతుంటే వినేదే, అలాగే విన్నది. విని, "అట్లనా. నేను గదే అన్న కావ్యతోని. శీను గట్ల అబద్ధం చెప్పేటోడు గాదు, తర్వాత వచ్చిందేమో అన్న," అంది. ఎంత సంతోషంగా అందంటే ఇక నావల్ల కాలేదు.

"అక్కా, అబద్ధం చెప్పిన," అన్నాను. "ఇప్పుడు గూడ చెప్పిన, గప్పుడు గూడ చెప్పిన. డిస్కులు రెండుండె. రెండోది నేను దాసిన. సమాప్తం అని ఏం లేకుండె ఆడ. రెండో డిస్కు పెట్టుమని ఉండె."

ఆమె సూదిని జాకెట్టుకు గుచ్చి పక్కన పెట్టింది. తిడుతుందని చూశాను. "మరి లచ్చి?" అని అడిగింది.

"సావలేదక్కా. చేపలు పట్టేటోడు ఒడ్డుకు తీస్తడు. రెండో డిస్కు పెట్టంగనే గదే."

"బతికిందా?" అంది. నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది, మళ్ళీ, "బతికిందా!" అంది. కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంది. "ఆఖరికి దీపం సముద్రం ముట్టిందా మరి?"

"తెల్వదు. ఏడో నది నాతోని గాలే. ఆఖరు నేను గూడ చూడలే."

"నన్ను పిలవకపోతివి? పక్క అర్రలనే ఉంటి గద," అంది. నిష్ఠూరం లేదు ఆ మాటలో. గేము గెలిచే సులువైన దారి ఒకటి నాకు తోచలేదని ఆశ్చర్యపోతున్నట్టు అంది. నేను తల వంచుకుని పరీక్ష సంగతి ఎత్తాను, నావల్లే నీ చదువు పోయిందక్కా అని ఏదో గొణిగాను. ఆమె చేత్తో కొట్టిపారేసింది. "ఊకో. గదంతా ఒక్క ఆటతోనే అయితదా? నీదొక్కని తప్పే అనుకోకు, ఇల్లంతా గట్లనే ఉండె." ఇల్లంతా గట్లనే ఉండె అన్న మాట నన్ను క్షమించడానికి అన్నదో కాదో అడిగే ధైర్యం రాలేదు.

ఆమె మళ్ళీ సూదిలో దారం ఎక్కించబోయి ఆగింది. మొహం మారింది. "గని శీనూ, ఆఖరు చూడనోనివి, బాగలేదని ఎట్ల చెప్పినవ్?" నేను చేతిలోని నీళ్ళ గ్లాసు కింద పెట్టాను. "నువ్వు తుస్సుమన్నది అంటే వీడియోల ఉన్నోళ్ళంత నవ్విన్రు. కావ్య గూడ నవ్వింది. అమ్మా, నువ్వు నాకు గంత గొప్పగ చెప్పిన కథ గిదేనా అన్నది. మీ ఇంట్ల ఉన్న రెండేండ్లు నాకు మంచిగనిపించింది గదొక్కటే ఉండెరా. దాన్ని బాగలేదని ఊరంత చెప్తివి." గొంతు పెంచలేదు. అడగాల్సింది ఒకటే అడిగింది. "నాకేం వద్దు. గా వీడియోలనే మల్ల కూసోని, ఆఖరు చూడలేదని చెప్పు. గంతే." తప్పకుండా చెబుతానన్నాను. ఆమె నమ్మింది. చాయ్ పెట్టింది, కావ్య వచ్చేదాకా ఉండమంది. పని ఉందని బయల్దేరి వచ్చేశాను.

వచ్చాక రెండుసార్లు ఫోన్ ఎదురుగా నిలబెట్టుకుని కూర్చున్నాను. తల దువ్వుకున్నాను, గొంతు సవరించుకున్నాను. ఆ వీడియోలు చూసే పిల్లల మొహాలు గుర్తొచ్చాయి. ఇది చూడలేదంటే మిగతావి చూశాడా అని అడుగుతారు. రెండుసార్లూ ఫోన్ జేబులో పెట్టుకుని లేచాను. మొన్న అక్క మళ్ళీ ఫోన్ చేసి, "చెప్పినవా?" అని అడిగితే, రాస్తున్నానని అన్నాను. అది నిజమే, రాశాను, ఇదిగో. ఆ వీడియోలు చూసే పిల్లలు ఇలాంటి పుస్తకాలు చదవరు. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే ఇక్కడ రాయగలిగాను. అక్క చెప్పమన్నది వాళ్ళకు. నేను మీకు చెబుతున్నాను.